కలిగిరిసీమ యింటివంట: పదములలో నిలిచిన చరిత్రము

ఆంధ్రుల యాహారచరిత్రమును దెలిసికొనఁ గోరువారికి మన గ్రంథములు విందులనే యెక్కువగాఁ జూపును. రాజగృహములయందలి భక్ష్యభోజ్యములకు వర్ణనములు పెక్కు గలవు. గృహిణి ప్రతిదినమును బొయ్యిపై నెక్కించు కుండకు వర్ణనము అరుదు. పాకశాస్త్రమునకు నలుఁడును భీముఁడును గురువులని మన సంప్రదాయము. నెల్లూరిసీమకుఁ గీర్తి తెచ్చిన తిక్కన విరాటపర్వమున భీముఁడు వలలుఁడను పేర వంటయింటఁ జేరినాఁడు. అది రాజుగారి వంటయిల్లు. సామాన్యుల యింటివంటకు గురువులు తల్లులును అత్తలును. వారు గ్రంథములు వ్రాయలేదు. కోడండ్రకును గూఁతులకును జేతితోఁ జూపి, నోటితోఁ జెప్పి పోయిరి. వారు విడిచిన సాక్ష్యములు రెండే: ఒకటి రుచి, రెండవది మాట. రుచి కాలక్రమమున మాఱిపోవును; మాట మాత్రము తన పుట్టుకను దనలోనే దాఁచుకొని యుండును. ఆ మాటల సాక్ష్యముచేఁ గలిగిరి పరిసరముల యింటివంట చరిత్రమును బరిశీలించుట యీ వ్యాసమునకు లక్ష్యము.

ముందుగా దేశస్థితిని జెప్పవలయును. కలిగిరి నేఁడు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో నొక మండలకేంద్రము. పడమరగా వింజమూరు, దుత్తలూరు గడచినచో ఉదయగిరి దుర్గము. దక్షిణముగా ఆత్మకూరు, దాని కావలఁ బెన్నానది. నెల్లూరను పేరు వినఁగానే దూరదేశస్థులకు మొలగొలుకుల యన్నము జ్ఞప్తికి వచ్చును. కాని మొలగొలుకులు పెన్న నీరు పాఱు తూర్పుమాగాణుల పంట. పడమటిది మెట్ట. ఇచ్చటి సేద్యము వానపైనను, వానకు నిండు చెఱువులపైనను, బావులపైనను నాధారపడినది. సజ్జ, జొన్న, రాగి, కొఱ్ఱ, ఆరిక, వరిగ, కంది, ఉలవ, ఇవి యిచ్చటి పూర్వపు పంటలు. ఒకే జిల్లాలోఁ దూర్పున వరియన్నమును బడమట సంగటియు నిత్యాహారములైనందుకుఁ గారణము భూమియే.

ఈ భేదము భాషలోఁ జక్కఁగా నిలిచియున్నది. వండిన ధాన్యమునకుఁ దెలుఁగుమాట కూడు. ఇది ఔపవిభక్తికమై కూటిని, కూటికి అను రూపములఁ బొందును. కూడు జొన్నది కావచ్చును, కొఱ్ఱది కావచ్చును, వరిది కావచ్చును. అన్నమో సంస్కృతపదము. అద్ ధాతువునకుఁ దకారాది కిత్ప్రత్యయము పరమగునపుడు జగ్ధ్యాదేశము వచ్చి ‘జగ్ధము’ అగును. దానికి ‘తినఁబడినది’ అని యర్థము. ‘అన్నము’ అను రూపము ప్రత్యేకముగా నిలిచి, తినఁదగిన ద్రవ్యమునకుఁ బేరయ్యెను. సంస్కృతమున నిదియు సర్వధాన్యములకుఁ జెల్లునదే. తెలుఁగునకు వచ్చిన పిమ్మట వరియన్నమునందే స్థిరపడినది. నేఁడు మెట్టపల్లెలలో ‘అన్నము తింటివా, సంగటి తింటివా?’ అని వేఱువేఱుగా నడుగుదురు. వరి గౌరవము పొందిన కొలఁదిని, దానికి సంస్కృతనామము దక్కెను. కూడు అను మాట ‘కూడుగుడ్డ’ వంటి జంటపదములలోను, దిట్లలోను మిగిలెను. శ్రీనాథుని పేరఁ బ్రచారమునందున్న చాటువులు పలనాటి జొన్నకూటిని బరిహసించుచున్నవి. పరిహసించినది వరియన్నమున కలవాటుపడిన నాలుక. ఆ జొన్నకూడే వానలు లేని యేండ్లలో మెట్టజనుల ప్రాణమును నిలిపినది.

సంగటి చేయు విధమును వ్రాసి యుంచుట మేలు. బియ్యము సోల, రాగిపిండి సోల, నీరు అయిదు సోలలు. ఎసరు మరగిన పిమ్మట బియ్యము పోసి మెత్తగా నుడికింపవలయును. మెతుకు మెత్తనై యింకను నీరు మిగిలియుండఁగా, పిండిని నడుమఁ గుప్పగాఁ బోసి, కలుపక, మూఁత పెట్టి, సెగ తగ్గించి పది నిమిషములు విడువవలయును. తొందరపడి ముందే కలిపినచో నుండలు కట్టును. ఆ యుండలలోపలి పిండి పచ్చిగా నుండును. పిదపఁ దెడ్డుతో గట్టిగాఁ గెలికి, దించి, తడిచేతితో ముద్దలు చేయవలయును. పూర్వము బియ్యమునకు మాఱు కొఱ్ఱబియ్యమో, జొన్ననూకయో వేయుచుండిరి. ఈ తెడ్డును గూర్చి యొక్కమాట. ఉదయగిరిలో కొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కు పనితనము నేఁటికిని సాగుచున్నది. దానికి భౌగోళికసూచిక గుర్తింపును లభించినది.

ఇఁక గారము విషయము. ఉదయగిరి దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, 1514లో గజపతుల చేతినుండి గైకొనెను. అచ్చటి బాలకృష్ణవిగ్రహమును విజయనగరమునకుఁ గొనిపోయి, 1515లో దేవాలయమునఁ బ్రతిష్ఠించెను. ఆ రాజే ఆముక్తమాల్యదయందు విష్ణుచిత్తుని యింట నతిథులకు ఋతువు ననుసరించి పెట్టు భోజనమును వర్ణించినాఁడు. అది రాజభోజనము గాదు. ఒక భక్తుని గృహభోజనము. వానకాలమునఁ బొగ రాని వంటచెఱకుతో వండిన యన్నము, పప్పు, కూరలు, వడియములు, వరుగులు. వేసవిలో నులివెచ్చని యన్నము, తియ్యని చారు, పలుచని యంబలి, మజ్జిగ. చలికాలమున మిరియపుఁ బొడి చల్లిన వేఁడికూరలు, ఘాటైన యావపచ్చళ్లు, ఊఱుగాయలు. మనము గమనింపవలసినది యిది: చలికాలపుఁ గారమునకు ఆ కవి చెప్పినవి మిరియమును, ఆవయును. ఆ పద్యములయందు మిరపకాయ లేదు. అంతకు నాలుగువందల యేండ్లకు ముందు పశ్చిమచాళుక్యుఁడగు సోమేశ్వరుఁడు (1126–1138) కూర్చిన మానసోల్లాసమందలి యన్నభోగప్రకరణమునను ఇదే తీరు: మిరియము, జీలకఱ్ఱ, ఇంగువ.

మిరపకాయ దక్షిణామెరికా, మెక్సికో దేశముల యోషధి. కొలంబసు 1492లో ఆ ఖండమును జేరిన తరువాతనే తక్కిన ప్రపంచమునకుఁ దెలియవచ్చినది. వాస్కోడగామా 1498లోఁ గళ్లికోట చేరిన పిమ్మటఁ బోర్చుగీసువారి యోడలమీఁద మన దేశమునకు దిగినది. ఇది వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయము. మన వ్యాకరణము దీనినే వేఱొక త్రోవఁ జెప్పును. మువర్ణాంతపదములకు సమాసమునఁ బుంపాదేశము వచ్చుట బాలవ్యాకరణము (1858) చదివిన బాలురు నెఱుఁగుదురు. మిరియము, కాయ కలిసి ‘మిరియపుఁగాయ’ యగును; అది వాడుకలో నఱిగి ‘మిరెపకాయ’, ‘మిరపకాయ’ యైనది. మిరియమువలెఁ గారమైన కాయ యని యర్థము. ఇది మన యొక్క భాషలోని యూహయే కాదు. తమిళులు మిళగునకుఁ గాయ్ చేర్చి మిళగాయ్ అనిరి. కన్నడిగులు మెణసునకుఁ గాయి చేర్చి మెణసినకాయి అనిరి. ఇంగ్లీషువారును దమ మిరియపుఁబేరగు పెప్పర్ అను మాటనే దీనికి నంటగట్టిరి. ఒక వస్తువు తొలినుండి యింటిలోనున్నచో దానికి సొంతపేరుండును. పెఱదేశమునుండి వచ్చినచో నింటిలోనున్న దానిపేరే యెరువుగాఁ దీసికొనును. వేరుసెనగ సెనగపేరు నెరువు తెచ్చుకొన్నది. సీమచింత చింతపేరు నెరువు తెచ్చుకొన్నది. ఆ రెండును అమెరికాఖండమునుండి వచ్చినవే. కావున నెరువుపేరు గల వస్తువు కనఁబడినపుడు అది యెప్పుడు వచ్చినదని ప్రశ్నించుట చరిత్రవిద్యార్థికి యుక్తము.

‘మిరపకాయ లేని యాంధ్రవంట యుండునా?’ యని శంకింపవచ్చును. ఉండెననుటకుఁ బ్రత్యక్షసాక్ష్యము నేఁటికిని మన యిండ్లలోనే కలదు. పెక్కు కుటుంబములందు శ్రాద్ధదినమున మిరపకాయ నిషిద్ధము. కారమునకు మిరియమును జీలకఱ్ఱయు వాడుదురు. ఉర్లగడ్డ మొదలగు సీమకూరలు పనికిరావు. అరటి, కాకర, చేమ, పెసర, మినుము, నువ్వు పనికివచ్చును. శాస్త్రకారులు మిరపకాయను నిషేధింపలేదు; వారికాలమున నది లేనేలేదు. పితృకార్యమునఁ గ్రొత్తవస్తువును జొరనీయమి చేతఁ బ్రాచీనపాకము ఆ యొక్కదినమునందుఁ జెక్కుచెదరక నిలిచినది. జ్వరము తగ్గినవారికిని, బాలింతలకును బెట్టు మిరియపుఁజారును అట్టిదే. దాని విధము: నిమ్మకాయంత చింతపండును నానఁబెట్టి పిసికి, మూఁడు సోలల పులుసు తీయవలయును. చెంచాఁడు మిరియములు, చెంచాఁడు జీలకఱ్ఱ రోటఁ గచ్చాపచ్చాగా దంచి, యుప్పుతోఁ గూడ నందుఁ గలుపవలయును. నాలుగు కరివేపాకులు వేసి, పొయ్యిపై నుంచి, నురుగు పొంగగానే దించవలయును. ఎక్కువసేపు మరిగినచో ఘాటు తగ్గి చేఁదెక్కును. నేతిలో నావాలు, ఇంగువ తాలింపు. ఇందు 1492కుఁ బిమ్మట వచ్చిన వస్తువు ఒక్కటియు లేదు.

మెట్టవంటలలో మఱియొకటి యులవకట్టు. ఉలవలను రాత్రి నానఁబెట్టి, మఱునాఁడు విస్తారమైన నీటిలో మెత్తగా నుడికించి, ఆ నీటిని వంచుకొనవలయును. ఆ నీరే కట్టు. దానికిఁ జింతపులుసు, ఉప్పు, దంచిన జీలకఱ్ఱ చేర్చి, చిక్కఁబడువఱకు సన్నసెగను గాఁచి, వెల్లుల్లితోఁ దాలింపు వేయుదురు. మిగిలిన యులవలు తాలింపుతో గుగ్గిళ్లగును. సేద్యగాండ్ర యిండ్లలో వానిలోఁ గొంత యెద్దులకును బోవుచుండెను. దున్నువాఁడును, దున్నెడి యెద్దును నొక్క కుండలోని గింజనే పంచుకొన్నారు.

వేకువనే పొలమునకుఁ బోవువారికిఁ జద్ది. చల్లఁదనమును దెలుపు మొదటిరూపము చల్ది. వర్ణసమీకరణమునఁ జద్ది యైనది. పోతన భాగవతమున గోపబాలురు కృష్ణునితోఁ గూడి కుడిచినది యీ చల్దియే, నంజుకొన్నది యూఱుగాయయే. ఊఱు ధాతువునకుఁ గాయశబ్దము పరమై ఊఱుగాయ యైనది. ఉప్పులో నూఱిన కాయ యని యర్థము. ఇప్పుడు శకటరేఫమును విడిచి ‘ఊరుగాయ’ యని వ్రాయుటచేఁ గొందఱు బాలురు ఇది యూరికి సంబంధించిన కాయ యనుకొనుచున్నారు. వర్ణమొకటి పోఁగా నందున్న వంటవిధానము పోయినది.

వంటయింటి కొలఁతలకును నిదే గతి పట్టుచున్నది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. 1956 నాఁటి కొలమానముల శాసనముతో మెట్రికుపద్ధతి వచ్చి, 1962 నాఁటికి దేశమంతట స్థిరపడినది. అంగడిలో నది మేలే చేసినది. అయితే ‘సోలెఁడు’ అని చెప్పిన పెద్దల మాట మనుమరాలికిఁ దెలియకపోవుచున్నది. చిటికెఁడు, పిడికెఁడు, చారెఁడు అనునవి మాత్రము చేతినే మానముగాఁ గొన్నవి గావున నిలిచినవి. పోపు, తాలింపు, తిరగవాత అను మూఁడుపదములు నొకే పనికిఁ బేళ్లు. వానిలోఁ దాలింపు తమిళమందలి తాళిప్పునకు సోదరము. ఒక యింట నేపదము వినఁబడునో గుర్తించినచో, ఆ కుటుంబము పూర్వ మేసీమనుండి వచ్చినదో యూహించుటకు నొక యాధారము దొరకును.

ఈ మార్పులు తప్పులని చెప్పుట మా యభిప్రాయము గాదు. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండురూపాయలకు బియ్యమును బెట్టినపుడు, వరియన్నము పండుగలకే యెఱిఁగిన పేదయిండ్లకు నిత్యమును బియ్యము వచ్చినది. ఆఁకలి యెఱిఁగినవారు దానిని మఱువరు. దానితోఁ గూడఁ గొఱ్ఱ, ఆరిక, వరిగలు కుండనుండి తొలఁగుట త్వరపడినది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగాఁ బ్రకటించిన పిమ్మట నా గింజలే యారోగ్యాహారమను పేరఁ బట్టణపు టంగళ్లలోఁ గనఁబడుచున్నవి. గింజ తిరిగి వచ్చినది. దానిని దంచుట, చెఱుగుట, యెసరునకుఁ దగిన నీటి నెఱుఁగుట చెప్పు మాటలు దానితోఁ దిరిగి రాలేదు. అవి యింకను ఎనుబదియేండ్ల వృద్ధస్త్రీల నోళ్లలోనే యున్నవి.

ఆహారచరిత్రమునకుఁ ద్రోవ చూపినవారు మనలో లేకపోలేదు. సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్రము (1949) కావ్యములనుండి జనుల భోజనమును వెలికిఁ దీసినది. మాలతీ చందూర్‌గారి ‘వంటలు–పిండివంటలు’ ఇంటింటి వంటను దెలుఁగు గ్రంథముగాఁ జేసినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన వ్యవసాయపదకోశము సేద్యపు మాటలను జిల్లాలవారిగా సేకరించినది. ఆ పద్ధతినే మెట్టసీమల వంటయిండ్లకును జెల్లింపవలయును. పాఠశాలాపండితులు దీనికిఁ దగినవారు. ఒక్కొక్క బాలుఁడు, బాలిక తన యవ్వనో జేజినో యడిగి, ఒక్క వంటకమును, దాని కొలఁతలను, వాడు పాత్రల పేళ్లను, ఉడుకు, మరగు, వేఁగు, మాఁడు మొదలగు క్రియలను ఆమె చెప్పినది చెప్పినట్లే, దిద్దక, వ్రాసికొని రావలయును. దిద్దుట మన పని. అదియు సేకరించిన పిమ్మట. ఒక తరగతిలో నలువదిమంది యున్నచో నేఁడాదికి నలువది వంటకములు చేరును. గ్రామనామము, చెప్పినవారి వయస్సు, సంవత్సరము తప్పక గుర్తింపవలయును. కలిగిరి, వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు పాఠశాలలతో నీపని మొదలిడవచ్చును.