గేమ్ పోర్ట్: ఒకే గేమ్.. ఒక్కో కన్సోల్‌లో ఒక్కోలా ఎందుకు నడుస్తుంది? కొనేముందు ఇవి చూసుకోండి!

సైనిక్‌పురి (సికింద్రాబాద్): మీ ఇంట్లో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఉంది. పక్క వీధిలో ఉండే ఫ్రెండ్ దగ్గర పీఎస్5. ఇద్దరూ ఒకే గేమ్ కొన్నారు. కానీ ఫ్రెండ్ ఇంట్లో ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడే ఆప్షన్ ఉంది, మీ దగ్గర లేదు. ‘బాల్డర్స్ గేట్ 3’ విషయంలో అచ్చం ఇదే జరిగింది. తేడా గేమ్‌లో లేదు.. డబ్బా లోపలి హార్డ్‌వేర్‌లో ఉంది.

పోర్ట్ అంటే ఏంటి?

ఒక మెషీన్ కోసం తయారైన గేమ్‌ను ఇంకో మెషీన్‌లో నడిచేలా మార్చడమే పోర్ట్. కాపీ కొట్టి పెట్టేస్తే సరిపోదు. ప్రాసెసర్, మెమరీ, స్క్రీన్, బటన్లు.. ఏది మారినా ఆ మేరకు గేమ్‌ను మార్చాల్సిందే.

హైదరాబాద్ నుంచే ఉదాహరణ

2009లో మన హైదరాబాద్ స్టూడియోల నుంచి సోనీ ప్లేస్టేషన్ 2కి గేమ్స్ వచ్చాయి. అరోనా టెక్నాలజీస్ ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేసింది. గేమ్‌శాస్త్ర సంస్థ కబడ్డీ, గిల్లీ దండా లాంటి మన ఆటలతో ‘దేశీ అడ్డా’ తెచ్చింది. ఈ రెండోది పీఎస్2తో పాటు చేతిలో పట్టుకుని ఆడే పీఎస్పీకి కూడా వచ్చింది.

ఈ రెండు మెషీన్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే పోర్ట్ కష్టం అర్థమవుతుంది. పీఎస్2 కంట్రోలర్‌కు రెండు స్టిక్‌లు, పైన నాలుగు బటన్లు. పీఎస్పీకి ఒకటే స్టిక్, పైన రెండే బటన్లు. పీఎస్2 గేమ్ టీవీలో కనిపిస్తుంది. పీఎస్పీ స్క్రీన్ 480×272 పిక్సెళ్లే. డీవీడీలో 4.7 జీబీ డేటా పడితే, పీఎస్పీ డిస్క్‌లో 1.8 జీబీ. పెళ్లి వంటంతా ఇంట్లో ఒక్క స్టవ్ మీద వండమన్నట్టే! ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదే అసలు పని.

అంకె ఒకటే.. లెక్క వేరు

పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360.. రెండింట్లోనూ మెమరీ 512 ఎంబీనే. కానీ ఎక్స్‌బాక్స్‌లో అదంతా ఉమ్మడి. గేమ్‌కు ఎక్కడ అవసరమైతే అక్కడ వాడుకోవచ్చు. పీఎస్3లో మాత్రం ప్రాసెసర్‌కు 256, గ్రాఫిక్స్‌కు 256 అని విడగొట్టారు. ఒకవైపు ఖాళీ ఉన్నా రెండోవైపు వాడుకోవడం అంత తేలిక కాదు. 2011లో ‘స్కైరిమ్’ వచ్చినప్పుడు పీఎస్3లో సేవ్ ఫైల్ పెరిగేకొద్దీ గేమ్ నత్తనడక నడుస్తోందని ప్లేయర్లు గగ్గోలు పెట్టారు.

సిరీస్ ఎస్‌తో చిక్కు

2020లో మన దగ్గర సిరీస్ ఎస్ లాంచ్ ధర రూ.34,990. సిరీస్ ఎక్స్ రూ.49,990. ఆ 15 వేల తేడా దేనికి? ఎక్స్‌లో 16 జీబీ మెమరీ ఉంటే, ఎస్‌లో 10 జీబీనే.

‘బాల్డర్స్ గేట్ 3’లో ఇద్దరు ప్లేయర్లు మ్యాప్‌లో చెరో మూలకు వెళ్లొచ్చు. అంటే ఆ రెండు చోట్లనూ ఒకేసారి మెమరీలో ఉంచాలి. సిరీస్ ఎస్‌లో అది కుదరక ఎక్స్‌బాక్స్ వెర్షన్ ఆలస్యమైంది. 2023 సెప్టెంబర్‌లో పీఎస్5కి వచ్చిన గేమ్, ఎక్స్‌బాక్స్‌కు డిసెంబర్‌లో వచ్చింది. అదీ సిరీస్ ఎస్‌లో స్ప్లిట్ స్క్రీన్ లేకుండానే. ఆ ఫీచర్ 2025 ఏప్రిల్‌లో అప్‌డేట్‌గా అందింది.

ఒకే కంపెనీ.. రెండు ఫలితాలు

హార్డ్‌వేర్ తక్కువైతే గేమ్ పాడైపోవాలనేం లేదు. సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ గేమ్ ‘ది విచర్ 3’ 2019లో నింటెండో స్విచ్‌కు వచ్చింది. పీఎస్4లో 8 జీబీ మెమరీ ఉంటే స్విచ్‌లో ఉన్నది 4 జీబీనే. అందుకే రిజల్యూషన్, గ్రాఫిక్స్ తగ్గించేశారు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా, కథ మొత్తం దక్కింది.

మరుసటి ఏడాది డిసెంబర్‌లో అదే సంస్థ ‘సైబర్‌పంక్ 2077’ తెచ్చింది. పాత పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌లలో గేమ్ తడబడింది, క్రాష్ అయింది. సుమారు వారానికే సోనీ తన ఆన్‌లైన్ స్టోర్ నుంచి దాన్ని తీసేసి, కొన్నవాళ్లకు రీఫండ్ ఇచ్చింది. 2021 జూన్‌లో గానీ మళ్లీ పెట్టలేదు. ఇంకో విషయం.. విడుదలకు ముందు రివ్యూలకు ఇచ్చింది పీసీ వెర్షన్ మాత్రమే. ఆ రివ్యూలు చూసి పీఎస్4కి కొన్నవాళ్లకు అసలు సంగతి ఆడాకే తెలిసింది.

కొనేముందు ఏం చేయాలి?

* ట్రైలర్ చూసి డిసైడ్ అవ్వొద్దు. అది ఏ మెషీన్‌లో రికార్డ్ చేశారో చూడండి.
* గేమ్ పేరు పక్కన మీ కన్సోల్ మోడల్ పేరు కూడా పెట్టి వీడియో వెతకండి. ‘ఎక్స్‌బాక్స్’ అంటే చాలదు.. ఎస్ లేదా ఎక్స్ అని ఉండాలి.
* డిజిటల్ ఫౌండ్రీ లాంటి యూట్యూబ్ ఛానళ్లలో వెర్షన్లను పక్కపక్కన పెట్టి చూపిస్తారు.
* పాత కన్సోల్ అయితే ప్రీ ఆర్డర్ వద్దు. విడుదలయ్యాక ఒక వారం ఆగండి. గేమ్ ఎక్కడికీ పోదు, డబ్బు మాత్రం మిగులుతుంది.