చిన్నపిల్లల్లో చదువు, రాత ఇబ్బందులు: తొలి గుర్తింపు

తెలివితేటలు, చూపు, వినికిడి బాగానే ఉండి, రోజూ బడికి వెళ్తున్నా కొందరు పిల్లలు చదవడంలో, రాయడంలో తోటివారికంటే బాగా వెనకబడతారు. చదవడంలోని ఇబ్బందిని డిస్లెక్సియా అని, రాతలోనిదాన్ని డిస్‌గ్రాఫియా అని అంటారు. రెండూ నిర్దిష్ట అభ్యసన వైకల్యాల కిందికి వస్తాయి. లెక్కల్లోని ఇబ్బందినీ కలుపుకుంటే బడి ఈడు పిల్లల్లో 5 నుంచి 15 శాతం మందికి ఇవి ఉండవచ్చని అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో అంచనా వేసింది. నిర్వచనాన్ని బట్టి ఈ అంకె మారుతుంది.

చరిత్ర

డిస్లెక్సియా అన్న పేరు జర్మనీ కంటి వైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ పెట్టాడు. కొందరు ఇది 1883 నాటిదంటారు; ఆయన గ్రంథం వెలువడిన 1887నే ఎక్కువమంది పేర్కొంటారు. ఆయన పరిశీలించింది పెద్దవాళ్లను. పిల్లల్లో పుట్టుకతో ఉండే ఇబ్బందిని తొలిసారి వివరించిన ఖ్యాతి సాధారణంగా ఇంగ్లండు వైద్యుడు ప్రింగిల్ మోర్గాన్‌కు ఇస్తారు. 1896లో ఆయన వర్ణించిన 14 ఏళ్ల పర్సీ లెక్కల్లో చురుకైనవాడు. అయినా తన పేరులోని అక్షరాలనే తారుమారుగా రాసి, ఆ తప్పును గమనించలేకపోయాడు.

అక్షరాలు తిరగబడి కనిపించడమే మూలమన్న అభిప్రాయం 1925 తర్వాత అమెరికా వైద్యుడు శామ్యూల్ ఆర్టన్ రచనలతో బలపడింది. మాటలోని ధ్వనులను విడదీసి అక్షరాలతో జతచేయడంలోనే అసలు చిక్కు ఉందన్న వాదానికి ఇప్పుడు ఆధారాలు ఎక్కువ. ఏడేళ్ల లోపు పిల్లలు అక్షరాలు తిప్పి రాయడం మామూలే. అదొక్కటే గుర్తు కాదు.

తెలుగులో కనిపించే తీరు

బడిలో చేరకముందు మాటలు ఆలస్యంగా రావడం, ప్రాస పట్టుకోలేకపోవడం, తెలిసిన రంగుల పేర్లకూ తడుముకోవడం, కుటుంబంలో ఇలాంటి ఇబ్బంది ఉండటం గమనించదగినవి.

వర్ణమాల వల్లె వేసినంత మాత్రాన చదువు వచ్చినట్లు కాదు. గుణింతాలు, ఒత్తుల దగ్గరే ఇబ్బంది బయటపడుతుంది. డిక్టేషన్‌లో ‘అక్క’ను ‘అక’ అని, ‘కాలు’ను ‘కలు’ అని, ‘పుస్తకం’ను ‘పుసకం’ అని రాసే పిల్లలు చూచిరాతలో అవే మాటలు సరిగా రాయవచ్చు. కథ నోటితో చక్కగా చెప్పి, పుటలో మాత్రం బొమ్మ చూసి ఊహించి చదువుతారు. ఒకసారి జరిగే తప్పు ఎవరికైనా సహజం. నెలల తరబడి అదే రకం తప్పు వస్తుంటే పట్టించుకోవాలి. అయితే తెలుగుకు దగ్గరి లిపి ఉన్న కన్నడంపై పరిశోధకురాలు సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అక్షరాలన్నీ పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది. అందుచేత ఒకటో తరగతిలోని నెమ్మదిని వైకల్యంగా తీర్మానించకూడదు.

నిర్ధారణ, తోడ్పాటు

ముందుగా కళ్లు, చెవులు పరీక్షించాలి. ఇంట్లో లంబాడీ, కోయ, ఉర్దూ మాట్లాడే పిల్లలకు బడి భాషే కొత్త; వారి తడబాటుకు అదే కారణం కావచ్చు. ఇంగ్లీషు మీడియంలో తడబడే పిల్లల విషయంలోనూ ఇంటి భాషలో వారి పట్టు చూడాలి. తగిన సాయం అందినా కనీసం ఆరు నెలలు ఇబ్బంది కొనసాగితేనే వైకల్యంగా పరిగణించాలన్నది అమెరికా మనోవైద్యుల సంఘం 2013 వర్గీకరణలోని నియమం.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ వైకల్యాలను గుర్తించింది. మూడో తరగతిలో లేదా ఎనిమిదేళ్లకు, ఏది ముందైతే అప్పుడు, ఉపాధ్యాయులు తొలి పరిశీలన చేయాలని ఆ చట్టం కింద వచ్చిన 2018 మార్గదర్శకాలు సూచించాయి. సాయానికి మాత్రం అంతవరకు ఆగనక్కర్లేదు. మాటను ధ్వనులుగా విడగొట్టించడం, ఒక్కో గుణింతపు గుర్తును దాని ధ్వనితో కలిపి రోజూ కొద్దిసేపు చదివించి రాయించడం ఏ పిల్లలకైనా మేలే. సోమరి, మొద్దు అన్న ముద్ర వేస్తే మాత్రం పిల్లలు పుస్తకానికే దూరమవుతారు.