నకారా తీర్పు: విన్నదీ, చదివిందీ

మా హౌరాలో పెన్షనర్లు నలుగురు కలిస్తే నకారా కేసు ప్రస్తావన రాక మానదు. నకారా గారు మా రక్షణ శాఖవారే, ఆర్థిక సలహాదారుగా 1972లో రిటైరయ్యారు. 31-3-1979కి ముందు రిటైరైనవాళ్ళకు పెంచిన పెన్షన్ వర్తించదన్న షరతును 1982 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు కొట్టేసింది. పెన్షన్ దయాదానం కాదు, హక్కు అంది.

ఇదంతా నేను సర్వీసు పొడుగునా విన్నదే, చదివింది కాదు. తీర్పుల సంపుటాలు వకీళ్ళ బీరువాల్లో ఉండేవి. 2008లో ఇండియన్ కానూన్ సైటు వచ్చింది. 2023లో సుప్రీంకోర్టే ఈ-ఎస్‌సీఆర్ పేరిట తన తీర్పులను ఉచితంగా అందుబాటులో పెట్టింది.

పక్కింటి రైల్వే పెద్దాయన ప్రావిడెంట్ ఫండ్ కోరుకుని రిటైరైన మనిషి. "నకారా ఉందిగా, కేసు వేస్తా" అని ఫీజుకు అప్పు చేయబోయారు. ఇద్దరం కూర్చుని తీర్పు తెరిచాం. దాన్ని తర్వాత ఉటంకించిన తీర్పుల జాబితా కూడా చూశాం. 1990లో కృష్ణకుమార్ కేసు కనబడింది. అదీ రైల్వేవాళ్ళదే! ఫండ్ ఎంచుకున్నవారికి నకారా వర్తించదని ఐదుగురు జడ్జీలు తేల్చేశారు. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. అప్పు మాత్రం చేయలేదు.

జమ ఒక్కటే చూసి నిల్వ చెప్పే అకౌంటెంటు ఉండడు. తీర్పయినా అంతే, మూలం చదవాలి, ఆ తర్వాత ఏమైందో కూడా చూడాలి.