రాజు అడగని మాట

మంట కాస్త ఎగదొయ్యరా నాన్నా. ఆ మామిడి పుల్లలు పచ్చివి, పొగే గానీ సెగ లేదు. అమ్మాయీ, నువ్వూ ఇటు జరుగు. తోటలు పూతకొచ్చే ఈ చలి రోజుల్లో నాకు సారంగధర నాటకమే గుర్తుకొస్తది.

మన విస్సన్నపేటలో అప్పట్లో శివరాత్రి జాగారమంటే నాటకమే. తిరువూరు వైపు నుంచి, నూజివీడు వైపు నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. రెండు పెట్రోమాక్స్ లైట్లు, ఒక తెర, ఒక హార్మోనియం. పద్యం నచ్చితే వన్స్ మోర్. కోడి కూసేదాకా ఒక్కడు లేచేవాడు కాదు.

కథ మీకు తెలిసిందే. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి కొడుకు సారంగధరుడు. రాజు వేటకెళ్ళిన పూట కుర్రాడి పావురం ఎగిరిపోయి సవతి తల్లి చిత్రాంగి మేడ మీద వాలింది. దానికోసం వెళ్ళాడు. ఆమె మనసు పడింది. అమ్మా అని చేతులు జోడించి వచ్చేశాడు. రాజు తిరిగొచ్చేసరికి ఆమె జుట్టు విరబోసుకుని నేరమంతా కుర్రాడి మీద పెట్టింది. కాళ్ళూ చేతులూ నరకమన్నాడు రాజు.

నన్నయ చేత భారతం రాయించిన రాజు ఈయనే. చరిత్రకెక్కిన ఆయన కొడుకు కులోత్తుంగుడు, 1070లో చోళ సింహాసనం ఎక్కినవాడు. సారంగధరుడిది జనం నోట పుట్టిన కథ. అయినా రాజమండ్రిలో సారంగధర మెట్ట ఇప్పటికీ ఉంది. పాత కావ్యంలో, గౌరన రాసిన నవనాథ చరిత్రలో, సిద్ధుడొచ్చి కాళ్ళూ చేతులూ మళ్ళీ మొలిపిస్తాడు. బళ్ళారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు మాత్రం దాన్ని విషాద సారంగధర చేశారు. నాకు ఆయన చేసిందే న్యాయమనిపిస్తది. నరికిన చెయ్యి ఎక్కడన్నా మొలుస్తదా?

ఒక ఏడు శివరాత్రి నాడు ఈ నాటకం ఆడుతుంటే, రాజు వేషగాడు ఆజ్ఞ ఇవ్వబోతూ చెయ్యెత్తాడు. జనంలోంచి మా అమ్మ లేచి నిలబడి, ‘పిల్లాణ్ణి పిలిచి ఒక్క మాట అడగవయ్యా!’ అని అరిచింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. హార్మోనియం కూడా ఆగింది. కాసేపటికి తేరుకుని తన మాట తను చెప్పేశాడనుకో.

తర్వాత మా హైస్కూలు మాస్టారు చెప్పారు, క్రీస్తు పూర్వం 428లోనే గ్రీకు దేశంలో యూరిపిడీస్ ఇలాంటి నాటకమే ఆడించాడని. అక్కడా సవతి తల్లి అబద్ధమే, అక్కడా తండ్రి విచారించకుండా కొడుకుని శపిస్తాడు. ఆఖర్న దేవత దిగొచ్చి, రుజువు కోసం ఎందుకు ఆగలేదని ఆ తండ్రినే నిలదీస్తదట. మా అమ్మ బళ్ళో అడుగు పెట్టిన మనిషి కాదు. ఆ దేవత అడిగిన మాటే అడిగింది.

నేనా? నేను ఆ రాజునే అయ్యాను. రసాలు కోతకొచ్చిన వేసవి. మాకో కావలివాడు ఉండేవాడు, మంచె మీదే పడుకునేవాడు. రాత్రిళ్ళు కాయ బండికెత్తి అమ్ముకుంటున్నాడని ఒకడు నా చెవిలో వేశాడు. చెప్పినవాడు నమ్మకస్తుడు, ఏడాది పొడుగునా నా వెంట తిరిగినవాడు. నేను మంచె దగ్గరికెళ్ళి, దిగి పొమ్మన్నాను. అతను నోరు తెరవబోయాడు. విననన్నాను. పెళ్ళాన్నీ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని ఖమ్మం వైపు నడిచిపోయాడు. నెల తిరక్కుండానే తెలిసింది, బండి కట్టింది నా చెవిలో వేసినవాడే.

వాడు నన్ను మోసం చేశాడని మీ నాయనమ్మ ఎన్నోసార్లు సర్దిచెప్పబోయింది. వాడి పాపం వాడిదే, కాదనను. దిగి పొమ్మన్న నోరు మాత్రం నాది. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు, అడగడానికి నాకేం అడ్డమొచ్చింది? ఖమ్మం వైపు రెండు సంతలు తిరిగి వెతికాను. దొరకలేదు.

ఆ మరుసటి శివరాత్రికి మళ్ళీ సారంగధరే ఆడారు. మా అమ్మ వెళ్ళింది. నేను వెళ్ళలేదు.