నొయ్యల్ నీటిలో ఉప్పు

తిరుప్పూరు అనగానే మనకు గుర్తుకొచ్చేది బనియను. కోయంబత్తూరు ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడ్డ మన తెలుగువాళ్ళలో నల్లరేగడిలో పత్తి పండించినవారూ ఉన్నారు, ఆ పత్తిని వడికే మిల్లులు పెట్టినవారూ ఉన్నారు. అందుచేత నొయ్యల్ నది కథ, పొలం గట్టున నిలబడి చూసినా మిల్లు గేటులోంచి చూసినా, మనకు పరాయిది కాదు.

పడమటి కనుమల్లోని వెళ్ళియంగిరి కొండల్లో పుట్టి, కోయంబత్తూరు, తిరుప్పూరుల మీదుగా సాగి, కరూరు జిల్లాలో కావేరిలో కలిసే చిన్న నది నొయ్యల్. 1980ల నుంచి ఎగుమతులు పెరిగేకొద్దీ తిరుప్పూరులో గుడ్డను తెల్లబరిచే, రంగులద్దే కార్ఖానాలు వందల సంఖ్యలో వెలిశాయి. నూలుకు రంగు పట్టించడానికి నీళ్ళొక్కటే చాలవు. నీళ్ళలో నూలూ రంగూ ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. వాటిని దగ్గర చేసేది ఉప్పు. ఆ పని అయ్యాక ఉప్పు గుడ్డలో మిగలదు, కడిగిన నీళ్ళతోనే బయటికి పోతుంది.

1992లో ఒరత్తుపాళయం దగ్గర నొయ్యల్‌కు ఆనకట్ట పూర్తయింది. సాగు కోసం కట్టిన ఆ జలాశయం కార్ఖానాల నీళ్ళు నిలిచే మడుగుగా మారింది. తొంభైలలో కట్టిన శుద్ధి కేంద్రాలు నీళ్ళ రంగును తగ్గించాయి గాని, కరిగిన ఉప్పును తీయలేకపోయాయి. కంటికి తేటపడ్డ నీరే పైరును మాడ్చింది, బావులను ఉప్పన చేసింది.

దిగువ రైతులు 1996లో కోర్టుకెక్కారు. కలుషితం చేసినవారే నష్టం భరించాలన్న సూత్రాన్ని 2009లో సుప్రీం కోర్టు ఖాయం చేసింది. అప్పటికీ మురుగు ఆగకపోవడంతో 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం కార్ఖానాలన్నిటినీ మూసేయమంది. వేలాదిమంది కూలీలకు పని పోయింది. నీళ్ళను నదిలోకి వదలాలని నిర్ణయించినవాళ్ళు వాళ్ళు కారు.

తరువాత తెరుచుకున్నవి, చుక్క నీరు బయటికి వదలకూడదన్న షరతు మీద తెరుచుకున్నాయి. నీటిని సన్నని పొరల గుండా వడగట్టి, మిగిలిన ఉప్పునీటిని మరిగించి, నీటినీ ఉప్పునూ మళ్ళీ అద్దకానికే వాడతారు. దీనికి కరెంటు, వంటచెరకు, డబ్బు బాగా ఖర్చవుతాయి. వాడకానికి పనికిరాని మిశ్రమ ఉప్పును ఎక్కడ పెట్టాలన్నది మరో చిక్కు.

అసలు మందు తొట్టె దగ్గరే ఉంది. ఉప్పును లీటరు నీటికి ఇన్ని గ్రాములని కొలిచి వేస్తారు. తక్కువ నీటితో అద్దే యంత్రం వాడితే ఉప్పు కూడా ఆ మేరకు తగ్గుతుంది. నదిలో కలిశాక తీయలేనిదాన్ని మొదటే తక్కువ వేయడం తేలిక.

ఆనకట్ట కట్టిన ఏటి నుంచి కార్ఖానాలు మూతపడే దాకా పందొమ్మిదేళ్ళు గడిచాయి. అన్నాళ్ళూ బనియను సరసమైన ధరకే దొరికింది. చెడిన బావి ఖరీదు అందులో కలపలేదు గనుక.