క్రిస్మస్ ఇంట్లోకి వచ్చిన కాలం

1843 డిసెంబరులో లండన్‌లో ఒక చిన్న కార్డు అచ్చయింది. ప్రపంచంలో అమ్మకానికి వచ్చిన తొలి క్రిస్మస్ కార్డు అదే. ప్రభుత్వోద్యోగి హెన్రీ కోల్‌కు పండగపూట వచ్చిపడే ఉత్తరాలన్నింటికీ విడివిడిగా జవాబు రాసే తీరిక లేదు. చిత్రకారుడైన మిత్రుడు జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ చేత బొమ్మ గీయించి, వెయ్యి ప్రతులు వేయించాడు. చేత్తో రంగులద్దిన ఆ కార్డు వెల ఒక షిల్లింగు. రెక్కల కష్టం మీద బతికేవాళ్లకు అది అందే ధర కాదు.

ఆ బొమ్మను కాస్త పరకాయించి చూడాలి. నడుమ పెద్ద భోజనాల బల్ల. తాతల నుంచి మనవల దాకా మూడు తరాల వాళ్లు దాని చుట్టూ చేరి, కార్డు అందుకున్న మనిషి ఆరోగ్యం కోరుతూ గ్లాసులు ఎత్తారు. ముందు వరసలో ఒకావిడ పసిపిల్ల నోటికి ద్రాక్షసారా గ్లాసు అందిస్తోంది. మద్యం మాన్పించాలని తిరుగుతున్న సంఘాలవాళ్లు దీన్ని చూసి మండిపడ్డారు. బల్లకు అటూ ఇటూ రెండు గళ్లలో పేదలకు అన్నం పెట్టడం, బట్టలివ్వడం కనిపిస్తాయి. పశువుల పాక లేదు. గొర్రెల కాపరులు లేరు. దేవదూతలూ లేరు. ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి భోంచేయడమే ఆ చిత్రకారుడికి పండగ.

పిల్లలు, చుట్టాలు, ఇంటి భోజనం. క్రిస్మస్ అనగానే మెదిలే ఈ మూడూ అనాదిగా అలాగే ఉన్నాయనిపిస్తుంది. కానీ ఇవాళ మనకు తెలిసిన ఇంటి పండగ చాలావరకు పందొమ్మిదో శతాబ్దంలో, అదీ ఒక తరం కళ్లముందే రూపు కట్టింది.

అంతకు రెండువందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఈ పండగ మీద ఏకంగా వేటు పడింది. బైబిల్‌లో లేని పండగ మనకెందుకన్న ప్యూరిటన్లనే కఠిన క్రైస్తవ వర్గం మాట చెల్లి, 1647లో పార్లమెంటు క్రిస్మస్‌ను రద్దు చేసింది. ఆ డిసెంబరులోనే కాంటర్‌బరీ పట్టణంలో జనం తిరగబడ్డారు. సముద్రం అవతల మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా, ఎవరైనా పని మానుకుని క్రిస్మస్ జరుపుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా వేసేవారు. మధ్యలో కూలిన రాచరికం 1660లో తిరిగొచ్చాక ఇంగ్లండులో పండగా తిరిగొచ్చింది. అయితే అది ఎక్కువగా పెద్దవాళ్ల సంబరం: తాగడం, పాడటం, వేషాలు కట్టి వీధుల్లో తిరగడం, జమీందారు తన రైతులకు విందు ఇవ్వడం. పిల్లల కోసమంటూ అందులో ప్రత్యేకంగా పెద్దగా ఏమీ ఉండేది కాదు.

పిల్లల వాటా జర్మన్ ఇళ్ల నుంచి వచ్చింది. అక్కడ చెట్టు తెచ్చి ఇంట్లో నిలబెట్టి, కొమ్మలకు తినేవి కట్టే అలవాటు ఎప్పటినుంచో ఉంది. స్ట్రాస్‌బర్గ్ ఇళ్లలో అలాంటి చెట్లు ఉన్నట్టు 1605 నాటి రాతల్లోనే కనిపిస్తుంది. ఇంగ్లండు రాజు మూడో జార్జ్ భార్య షార్లెట్ జర్మన్ ఆడపడుచు. 1800 డిసెంబరులో ఆమె విండ్సర్‌లో పిల్లల్ని పిలిచి వేడుక చేసింది. గదిలో యూ చెట్టు నిలబెట్టి, మిఠాయిలు, బాదం, ఎండుద్రాక్ష కాగితాల్లో పొట్లాలు కట్టి కొమ్మలకు వేలాడదీసి, చిన్న మైనపు వత్తులు వెలిగించారు. పిల్లలు చెట్టు చుట్టూ తిరిగి చూశాక తలా ఒక మిఠాయి వాటా, ఒక బొమ్మ చేతిలో పెట్టి ఇంటికి పంపారు. కానీ అప్పటికది రాజవంశీకుల ముచ్చటే.

1848లో అది గోడ దాటింది. విక్టోరియా రాణి, భర్త ఆల్బర్ట్ తమ పిల్లలతో అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడి ఉన్న బొమ్మను ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ అచ్చువేసింది. దేశమంతా ఆ ఇంటిలోపలికి తొంగిచూసింది. రెండేళ్లకు అమెరికాలో ‘గోడీస్ లేడీస్ బుక్’ అనే పత్రిక అదే బొమ్మను తీసుకుని రాణి తలమీది కిరీటం చెరిపేసింది, ఆల్బర్ట్ మీసాలు కూడా తీసేసింది. మిగిలింది ఓ మామూలు అమ్మా నాన్నా పిల్లలూ. చెట్టు రాచనగరు నుంచి గుమస్తా ఇంటికి చేరిందంటే, ఆ కిరీటం చెరిపిన చేతికీ అందులో పాలుంది.

ఇంత వేడుకలోనూ ఒక ప్రశ్న మిగిలే ఉంది: ఏ పిల్లల పండగ? 1840ల మొదట్లో బ్రిటిష్ గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లల మీద ప్రభుత్వ కమిషన్ నివేదికలు వెలువడ్డాయి. అవి చదివి కుమిలిపోయినవాళ్లలో చార్లెస్ డికెన్స్ ఒకడు. ఆయనకది పుస్తకాల్లో చదివి తెలుసుకున్న బాధ కాదు. 1824లో తండ్రి అప్పులు తీర్చలేక మార్షల్సీ జైలుకు వెళ్లిన రోజుల్లోనే, పన్నెండేళ్ల ఆ పిల్లాడు బూటుపాలిష్ ఫ్యాక్టరీలో సీసాలకు చీటీలు అతికించే పనిలో చేరాడు. తల్లి, చిన్న తోబుట్టువులు జైల్లోనే తండ్రి దగ్గర ఉండేవారు. వీడు మాత్రం బయట అద్దె గదిలో. ఆదివారం వస్తే జైలుకెళ్లి ఇంటివాళ్లను చూసేవాడు.

పేదింటి పిల్లల తరఫున ఒక కరపత్రం రాద్దామని మొదట అనుకున్న డికెన్స్, ఆ తలంపు మార్చుకుని కథ రాశాడు. ఆరు వారాల్లో పూర్తయిన ‘ఎ క్రిస్మస్ కరోల్’ 1843 డిసెంబరు 19న విడుదలైంది. తొలి ముద్రణ ఆరువేల ప్రతులూ పండగ లోపే చెల్లిపోయాయి. కథ పిసినారి స్క్రూజ్‌దే అయినా, పాఠకుల మనసులో నిలిచింది అతని గుమస్తా బాబ్ క్రాచిట్ ఇల్లు. టోపీల కొట్లో పనిచేసే పెద్దకూతురు మార్తా పండగకి ఆలస్యంగా ఇల్లు చేరుతుంది. నాన్నను ఆటపట్టించాలని తలుపు చాటున దాక్కుంటుంది. కానీ ఆయన మొహం వాడిపోవడం చూడలేక వెంటనే బయటికొచ్చేస్తుంది. సరిగా నడవలేని చిన్నవాణ్ని తండ్రి భుజాన మోసుకొస్తాడు. ఇంకో ఇద్దరు పిల్లలు వీధిలోని రొట్టెల కొట్టు దగ్గర తమ బాతు వేగుతున్న వాసన పట్టేశామని ఎగిరి గంతులేస్తారు.

రొట్టెల కొట్టుకు ఇంటి బాతుతో పనేమిటి? అప్పటి లండన్ పేదల ఇళ్లలో పొయ్యే తప్ప కాల్చడానికి బట్టీ ఉండేది కాదు. క్రిస్మస్ నాడు రొట్టెలు కాల్చకపోయినా, వీధి జనం తెచ్చిచ్చిన మాంసం, బాతులు తన బట్టీలో పెట్టి, కాలాక ఎవరిది వాళ్లకు ఇచ్చేవాడు కొట్టువాడు. ఇక ఆ బాతు కొనడం మరో కథ. సారాకొట్ల దగ్గర ‘గూస్ క్లబ్బు’లు నడిచేవి. మన ఊళ్లలో చీటీ కట్టినట్టు వారం వారం కొన్ని పెన్నీలు కడితే, పండగకి ఒక బాతు చేతికొచ్చేది. కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్ కథల్లో ఒకటి అలాంటి క్లబ్బు బాతు చుట్టూనే తిరుగుతుంది.

పుడ్డింగు పని అంతకంటే ముందే మొదలయ్యేది. నవంబరు చివర్లో వచ్చే ఒక ఆదివారాన్ని ‘స్టిర్ అప్ సండే’ అంటారు. ఆనాడు ఎండుద్రాక్ష, కొవ్వు, మసాలాలు కలిపిన పిండిని ఇంట్లో అందరూ వంతులవారీగా గరిటె పట్టి తిప్పాలి. చంటివాడి చేతికి కూడా గరిటె అందించి, మనసులో ఏదో ఒకటి కోరుకోమంటారు. పిండిలో చిన్న వెండి నాణెం వేసేవారు. పండగనాడు అది ఎవరి ముక్కలో వస్తే వాళ్లకు అదృష్టం. వారాల ముందే పిల్లల్ని పండగలోకి లాగిన ఆ గరిటె, ఖరీదైన ఏ బొమ్మకంటే కూడా గొప్ప కానుక.

చుట్టాలను ఇంటికి చేర్చింది మాత్రం రైలు. 1838లో లండన్–బర్మింగ్‌హామ్ మార్గం పూర్తయ్యాక, గుర్రపు బండిలో దాదాపు పగలంతా పట్టే ప్రయాణం ఐదారు గంటలకు తగ్గింది. 1840లో ఒక్క పెన్నీ స్టాంపుతో దేశంలో ఎక్కడికైనా ఉత్తరం వెళ్లే ఏర్పాటు వచ్చింది. అంతకుముందు దూరాన్ని బట్టి పెరిగే ఖర్చును ఎక్కువగా ఉత్తరం అందుకున్నవాళ్లే భరించేవారు. ‘ఫలానా బండికి వస్తున్నాం’ అని రాయడం, వాళ్లకోసం స్టేషనుకు మనిషిని పంపడం పండగలో భాగమైపోయాయి. ఉత్తరాల తాకిడి ఎంతకు పెరిగిందంటే, పండగ ఉత్తరాలు తొందరగా పోస్టు చేయండని 1880లో తపాలాశాఖ జనాన్ని కోరాల్సి వచ్చింది. 1847లో మిఠాయి వ్యాపారి టామ్ స్మిత్ మొదలుపెట్టిన క్రాకర్‌కు కూడా ఈ చుట్టాల గుంపే కావాలి. కాగితపు గొట్టం చెరో కొసా పట్టుకుని లాగితేనే టప్పున పేలుతుంది. ఒక్కరే ఉంటే అది ఆట కాదు.

ఈ లెక్కలో ఒక పేరు తరచూ జారిపోతుంది: పనిమనిషి. ఇంటివాళ్లు బల్ల చుట్టూ కూర్చుంటే వంటింట్లో నిలబడినది ఆమే. తన అమ్మానాన్నల దగ్గరికి ఆమె వెళ్లగలిగింది మర్నాడు, డిసెంబరు 26న. 1871 చట్టంతో ఆ రోజు బ్యాంకు సెలవైంది. స్కాట్లాండులోనైతే క్రిస్మస్ అధికారిక సెలవు కావడానికే 1958 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక మన తెలుగు నేలకు వస్తే, జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ అనే లూథరన్ మిషనరీ అమెరికా నుంచి గుంటూరు చేరింది 1842లో, అంటే కోల్ కార్డుకు ఏడాది ముందు. అప్పటికి మసాచుసెట్స్‌లో క్రిస్మస్ ఇంకా సెలవు దినం కూడా కాదు, 1856లో అయింది. కాబట్టి తెలుగు నేల మీద తొలి ప్రొటెస్టెంట్ సంఘాలు వేళ్లూనుకుంటున్న రోజులకు, మిషనరీల సొంత దేశాల్లోనే ఈ ఇంటి పండగ ఇంకా తయారవుతూ ఉంది. మన కుటుంబాలు దాన్ని అరువు తెచ్చుకుని ఊరుకోలేదు, తమ వంటింట్లో తామే వండుకున్నాయి. బాతు చోట కోడికూర, బిరియానీ వచ్చాయి. పుడ్డింగు పిండి చోట అరిసెల పాకం, దాని చుట్టూ మూగే పిల్లలు. వెదురు బద్దలు కట్టి రంగు కాగితం అతికించిన నక్షత్రం ఇంటి ముందు వేలాడింది. పురుషోత్తమ చౌదరి వంటి కవులు రాసిన కీర్తనలు తెలుగు బాణీల్లో ఇళ్లలో మోగాయి.

మిషనరీ పోస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ కట్టించిన మెదక్ చర్చిని ప్రతిష్ఠించిందీ 1924 డిసెంబరు 25నే. ఇప్పటికీ ఆ రోజు చుట్టుపక్కల జిల్లాల వాళ్లు పిల్లాపాపలతో, అన్నం మూటలతో తరలివస్తారు. కోస్తా ఊళ్లలోనైతే పండగ వారం రోజులకు పాకుతుంది. హైదరాబాదు నుంచి కొడుకు, కోడలు, పిల్లలు దిగుతారు. రాత్రిళ్లు క్యారల్స్ బృందం గడపగడపకూ వచ్చి పాడి, టీ తాగి వెళుతుంది. పక్కింటి హిందువులకు, ముస్లింలకు పళ్లేల్లో పిండివంటలు వెళతాయి. పట్నం చుట్టాలు డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధన కూడా అయ్యాక గానీ బండెక్కరు.