స్కాల్ప్ మైక్రోపిగ్మెంటేషన్‌లో కేశరేఖ

స్కాల్ప్ మైక్రోపిగ్మెంటేషన్ అనగా బట్టతల లేదా పలచబడిన జుట్టు ఉన్నవారి నెత్తి చర్మంలో సన్నని సూదులతో రంగు చుక్కలు పొదిగి, అవి అప్పుడే మొలుస్తున్న వెంట్రుకల మొదళ్ళవలె కనిపించునట్లు చేసే సౌందర్య ప్రక్రియ. ఇది ఒక విధమైన పచ్చబొట్టు. దీనివలన జుట్టు మొలవదు, ఉన్న జుట్టు రాలడం ఆగదు. తిరుమలలో తలనీలాలు సమర్పించి వచ్చిన వ్యక్తి తల నాలుగైదు రోజుల తరువాత ఎలా ఉంటుందో, ఆ రూపాన్ని కొన్ని సంవత్సరాలపాటు నిలపడం దీని ఉద్దేశం.

నుదుటిపైన ఈ చుక్కలు ఎక్కడ మొదలు కావాలి, కణతల వద్ద ఏ వంపు తిరగాలి, అంచు పదునుగా ఉండాలా లేక చెదిరినట్లు ఉండాలా అనే నిర్ణయాన్ని కేశరేఖ ఎంపిక అంటారు. నడినెత్తిన పని ఎంత బాగా కుదిరినా ఎదుటివారి కన్ను ముందుగా పడేది ఈ రేఖ మీదనే. పైగా 25 ఏళ్ళ వయసులో వేయించుకున్న రేఖ 45 ఏళ్ళ ముఖానికి కూడా నప్పవలసి ఉంటుంది. ఈ ప్రక్రియలో అసంతృప్తికి తావిచ్చే నిర్ణయాలలో ఇదే ముఖ్యమైనది.

పచ్చబొట్టుతో సంబంధం

చర్మంలోకి రంగు ఎక్కించడం తెలుగువారికి కొత్త విద్య కాదు. గౌతమి, వసిష్ఠ పాయల మధ్యనున్న కోనసీమలో, అనగా అమలాపురం, రాజోలు, కొత్తపేట పరిసర గ్రామాలలో, పాతతరం స్త్రీల చేతులమీద, కొందరికి నుదుటన పచ్చబొట్లు కనిపించేవి. వాటిలో వాడిన ముఖ్యమైన రంగు పదార్థం నల్లని మసి. మసి నల్లనిదైనప్పుడు బొట్టు పచ్చగా ఎందుకు కనిపిస్తుంది? చర్మంలో లోతుగా దిగిన నల్లని కణాలు అక్కడివరకు చేరిన ఎర్రని కాంతిని పీల్చుకుంటాయి. నీలి, ఆకుపచ్చ ఛాయల కాంతి మాత్రం పైపొరలలోనే చెదిరి వెనుకకు వస్తుంది. "పచ్చ" అనే మాట ఈ విధంగా పుట్టిన దృశ్యాన్నే సూచిస్తుంది. కాలం గడిచేకొద్దీ రంగు కణాలు కొంత చెదిరి, బొట్టు అంచులు అలుక్కుపోతాయి.

నెత్తిమీది చుక్కలకు కూడా ఈ రెండు లక్షణాలే శత్రువులు. సూది లోతుగా దిగితే నల్లని చుక్క నీలంగా మారుతుంది. చుక్కలు దగ్గరదగ్గరగా పడితే కొన్నేళ్ళకు ఒకదానితో ఒకటి కలిసి, టోపీ పెట్టినట్లు ఒకే మరక అవుతుంది. తల మధ్యలో దీనిని కొంతవరకు కప్పిపుచ్చవచ్చును గాని కేశరేఖ వద్ద వీలుకాదు. అమ్మమ్మ ముంజేతి పచ్చబొట్టును ఒకసారి పరిశీలనగా చూసినవారికి ఈ విషయం వేరుగా వివరించనవసరం లేదు.

చరిత్ర

నెత్తిమీది శస్త్రచికిత్స మచ్చలను రంగుతో కప్పే పద్ధతిని ట్రాక్వినా అనే వైద్యుడు 2001లో ఒక చర్మ శస్త్రవైద్య పత్రికలో వివరించాడు. 2000ల దశకంలో బ్రిటన్‌లోని కేంద్రాలు తల మొత్తానికి చుక్కలు వేసే సేవను ప్రచారంలోకి తెచ్చాయి. అమెరికాకు చెందిన విలియం రాస్‌మన్, ఆయన సహచరులు 2010ల దశకంలో వైద్య పత్రికలలో దీనిపై వ్యాసాలు ప్రచురించారు. తెలుగు ప్రాంతాలలో ఈ సేవ ప్రధానంగా హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాలకు చెందినది. సాధారణంగా 2 నుండి 4 సిట్టింగులు, వాటి మధ్య వారం పది రోజులు లేదా అంతకు మించిన విరామం అవసరం గనుక కోనసీమనుండి వెళ్ళేవారు రాకపోకలను కూడా లెక్కవేసుకోవాలి. ఒక్క సిట్టింగులోనే ముగించి పంపుతామనే మాట నమ్మదగినది కాదు.

సహజమైన కేశరేఖ

బాల్యంలో కేశరేఖ కిందికి, గుండ్రంగా ఉంటుంది. యౌవనం ముదిరేకొద్దీ మగవారిలో అది సుమారు ఒక సెంటీమీటరు పైకి జరిగి, కణతల వద్ద కొద్దిగా లోపలికి నొక్కుకుంటుంది. దీనిని పరిణత కేశరేఖ అనవచ్చును. ఇది బట్టతల కాదు. బట్టతల దశలను జేమ్స్ హామిల్టన్ 1951లో వర్గీకరించగా, నార్‌వుడ్ 1975లో దానిని సవరించి 7 దశలుగా స్థిరపరచాడు.

బట్టతల "మేనమామ పోలిక" అని గోదావరి జిల్లాలలో అనడం కద్దు. పురుష హార్మోనును గ్రహించే జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉండి, కొడుకుకు తల్లి ద్వారానే వస్తుంది. అందువలన ఈ మాటలో కొంత నిజమున్నది. అయితే ఇతర జన్యువుల ప్రభావం తండ్రి వైపునుండి కూడా వస్తుంది. రేఖను నిర్ణయించుకునే యువకుడు మేనమామనే కాక తండ్రిని, పెదతండ్రిని, చినతండ్రిని కూడా చూసి, తన మిగిలిన జుట్టు ఎంతవరకు వెనుకకు పోగలదో అంచనా వేసుకోవాలి. ముందు భాగంలో చుక్కలు వేయించుకున్న తరువాత వెనుక జుట్టు రాలితే, రేఖకూ మిగిలిన జుట్టుకూ మధ్య ఖాళీ ఏర్పడి మళ్ళీ పని చేయించవలసి వస్తుంది.

ఎత్తు, వంపు

ముఖాన్ని గడ్డంనుండి ముక్కు మొదలు వరకు, అక్కడినుండి కనుబొమల వరకు, అక్కడినుండి కేశరేఖ వరకు మూడు సమభాగాలుగా చూడడం చిత్రకారుల పాత పద్ధతి. ఇది ఆరంభానికి ఉపయోగపడుతుంది గాని నుదురు వెడల్పైనవారికి, బట్టతల బాగా ముదిరినవారికి యథాతథంగా వర్తించదు. సాధారణంగా మగవారిలో కనుబొమల నడిమి భాగంనుండి రేఖ మధ్యబిందువు వరకు 7 నుండి 9 సెంటీమీటర్ల దూరం సహజంగా కనిపిస్తుంది. కనుబొమలు పైకెత్తినపుడు నుదుటిమీద పడే ముడతలలో అన్నిటికన్న పైదానికి మించి రేఖ ఉండాలి. ముడత మీద చుక్కలుంటే నవ్వినప్పుడల్లా జుట్టు కదిలినట్లు కనిపించి గుట్టు బయటపడుతుంది.

సందేహం కలిగినపుడు రేఖను పైనే ఉంచడం మేలు. పైనున్న రేఖను మరొక సిట్టింగులో కిందికి తేవచ్చును. కిందికి వేసిన దానిని పైకి జరపాలంటే లేజరు తప్ప సులభమైన మార్గం లేదు.

వంపు విషయంలో గుండ్రని రేఖ, మధ్యలో చిన్న మొన కలిగి కణతల వద్ద లోపలికి నొక్కిన రేఖ, అడ్డంగా గీచినట్లుండే తిన్నని రేఖ అని మూడు ప్రధాన రూపాలున్నవి. చాలామంది మగవారికి రెండవది అనువైనది. కణతల నొక్కులను పూర్తిగా పూడ్చివేయడం పొరపాటు. 40 ఏళ్ళు దాటిన మనిషికి కణతలు నిండుగా ఉంటే ఏదో తేడా ఉన్నదని చూసేవారికి కారణం తెలియకుండానే తోస్తుంది.

అంచు స్వభావం

పదునైన అంచు క్షౌరశాలలో కత్తితో సరిచేసినట్లు కనిపిస్తుంది. యువకులు ఎక్కువగా అడిగేది ఇదే. చెదిరిన అంచులో ముందు వరుస చుక్కలు పలచగా, లేతగా, వంకరటింకరగా ఉండి, వెనుకకు పోయేకొద్దీ దట్టమవుతాయి. మృదువైన అంచు ఈ రెండింటికీ నడుమ ఉంటుంది.

సురభి వంటి నాటక సమాజాల పౌరాణిక ప్రదర్శనలు చూసినవారికి విగ్గు అంచు గుర్తుండును. వెనుక వరుసనుండి అది చక్కగా ఉంటుంది, ముందు బల్లమీద కూర్చున్నవారికి మాత్రం గీత తెలిసిపోతుంది. పదునైన కేశరేఖ కూడా అటువంటిదే. ఫొటోలో బాగుంటుంది. పచారీ కొట్టులో, బస్సులో, పెళ్ళిపందిరిలో మనుషులు మూరెడు దూరంనుండి చూస్తారు. ప్రకృతిలో ఏ కేశరేఖా తిన్నని గీత కాదు గనుక, ప్రత్యేక కారణం లేనిదే చెదిరిన లేదా మృదువైన అంచును ఎంచుకోవడం ఉత్తమం.

తలనీలాలు, పితృకర్మలు

ఈ ప్రక్రియ చేయించుకున్న పురుషుడు జుట్టును మిషనుతో అతి పొట్టిగా, రెండు మూడు రోజులకొకసారి తీయించుకుంటూ ఉండాలి. పాశ్చాత్య దేశాలలో గుండు ఒక కేశాలంకరణ మాత్రమే. కోనసీమలో గుండుకు వేరే అర్థాలున్నవి. గుండుతో కనిపించినవారిని తిరుపతి వెళ్ళివచ్చారా అని అడుగుతారు. లేదా ఇంట్లో ఏదైనా అశుభం జరిగిందేమోనని మాట తగ్గిస్తారు. నిత్యం ఆ రూపంలో ఉండడానికి సిద్ధపడిన తరువాతనే రేఖ గురించి ఆలోచించాలి.

తిరుమలలోనే కాక వాడపల్లి వేంకటేశ్వరస్వామి, అప్పనపల్లి బాలబాలాజీ, అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి ఆలయాలలో కూడా భక్తులు తలనీలాలు సమర్పిస్తారు. తల్లిదండ్రులు గతించినపుడు కుమారులు శిరోముండనం చేయించుకునే ఆచారం అనేక కుటుంబాలలో ఉన్నది. కత్తితో నున్నగా గొరిగిన రోజున నిజమైన జుట్టు ఉన్న భాగం తేలికపడుతుంది, రంగు చుక్కలు మాత్రం అలాగే ఉంటాయి. రెండు మూడు రోజులలో జుట్టు మొలిచి రెండూ కలిసిపోతాయి. ఆ కొద్ది రోజులు పదునైన రేఖ ఉన్నవారి నుదుటిపైన గీత స్పష్టంగా తేలుతుంది. బంధువులందరూ కూడే సమయం కూడా సరిగ్గా అదే. చెదిరిన అంచు అయితే అంతగా కంటపడదు. సిట్టింగుల మధ్యకాలంలో, చివరిదాని తరువాత చర్మం పూర్తిగా మానేవరకు కత్తి తగలరాదు. కనుక మొక్కు ఉన్నవారు ముందుగా తీర్చుకోవడం మంచిది.

ఎండ, చెమట, కొబ్బరినూనె

చుక్కలు వేసిన తరువాత మొదటి కొన్ని రోజులు తలకు నీరు, సబ్బు, చెమట తగలకుండా చూడాలి. తీరప్రాంతపు ఉక్కలో ఇది సులభం కాదు గనుక వేసవి నెలలకన్న శీతకాలం అనువైనది. తలకు కొబ్బరినూనె రాసుకునే అలవాటును కూడా గాయం మానేవరకు మానుకోవాలి. తరువాత రాసుకున్నా వేరొక చిక్కు ఉన్నది. నూనె రాసిన నెత్తి మెరుస్తుంది. మెరిసే చర్మం మీద చుక్కలు వెంట్రుకలుగా కాక రంగుగానే కనిపిస్తాయి.

ఎండ రంగును వెలిసిపోయేటట్లు చేస్తుంది. పొలాలలో, చేపల చెరువులమీద, గల్ఫ్ దేశాలలో ఆరుబయట పనిచేసేవారికి రేఖ త్వరగా పలచబడవచ్చును. టోపీ లేదా తలపాగా వాడకం దీనికి మంచి ఉపాయం. సాధారణంగా కొన్ని సంవత్సరాలకొకసారి మళ్ళీ రంగు అద్దించుకోవలసి ఉంటుంది.

రంగు

గొరిగిన తలమీది జుట్టు నల్లగా కాక బూడిదఛాయలో కనిపిస్తుంది. కావున కారునలుపు రంగు కోరుకోవడం సరికాదు. మొదటి సిట్టింగులో లేతగా వేసి తరువాత అవసరమైతే పెంచుతారు. చామనఛాయ, నల్లని చర్మాలలో సూది గాయం తరువాత చర్మమే నల్లబడే అవకాశమున్నందున ముందుగా చెవి వెనుక కొన్ని చుక్కలు వేయించి చూడడం వివేకం. జుట్టు నెరసిన తరువాత తెల్లని మొదళ్ళ మధ్య నల్లని చుక్కలు పొసగవు. ముదురు రంగు రేఖ కోరేవారు ఈ సంగతిని ముందే తలచుకోవాలి.

స్త్రీలలో

స్త్రీలలో సాధారణంగా ముందు రేఖ నిలిచి, పాపిడి వెడల్పవుతుంది. దీనిని లుడ్విగ్ 1977లో 3 దశలుగా వర్గీకరించాడు. వీరికి కొత్త రేఖ గీయవలసిన పని ఉండదు. పాపిడికి ఇరువైపులా జుట్టు మధ్యనున్న తెల్లదనాన్ని చుక్కలతో తగ్గిస్తారు. ఏళ్ళ తరబడి బిగించి జడ వేసుకోవడం వలన కణతల వద్ద జుట్టు ఊడినవారికి అక్కడ కొద్దిపాటి చుక్కలు వేయవచ్చును, ముందు జడ వదులు చేసుకుంటే. మొక్కు తీర్చుకోవడానికి మూడు కత్తెరలు ఇచ్చేవారికి ఇబ్బంది లేదు. పూర్తిగా తలనీలాలు ఇచ్చేవారికి జుట్టు పెరిగేవరకు పాపిడి చోట మాత్రమే ముదురు పట్టీ కనిపిస్తుంది.

జాగ్రత్తలు, తొలగింపు

గాయం మానినచోట కండ పెరిగే స్వభావం ఉన్నవారు, నెత్తిపై సోరియాసిస్ ముదిరి ఉన్నవారు, పేనుకొరుకుడు ఇంకా వ్యాపిస్తున్నవారు, మధుమేహం అదుపులో లేనివారు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు చర్మవైద్యుని సలహా లేకుండా దీనికి పూనుకొనరాదు. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి సోకే ప్రమాదముంది గనుక కొత్త సూది పొట్లం తన ఎదుటనే విప్పమని అడగడం ప్రతివారి హక్కు. భారతదేశపు రక్తదాన నియమాల ప్రకారం పచ్చబొట్టు వేయించుకున్నవారు 12 నెలలవరకు రక్తదానం చేయరాదు.

పని చేసేవారిని ఎంచుకునేటప్పుడు కొత్తగా ముగించిన తలల ఫొటోలకన్న రెండు మూడేళ్ళు గడిచిన తలల ఫొటోలు చూడడం ఉపయోగకరం. రేఖను ముందుగా పెన్సిలుతో గీయించుకొని, అద్దంలోనే కాక ఎండలో, ట్యూబులైటు కింద, పక్కనుండి, కనుబొమలు ఎత్తి చూసుకోవాలి.

నచ్చని రేఖను 1064 నానోమీటర్ల ఎన్‌డి-యాగ్ లేజరుతో పలచబరచవచ్చును. నల్లని కార్బన్ రంగు దీనికి బాగా లొంగుతుంది. ఐరన్ ఆక్సైడు, టైటానియం డయాక్సైడు కలిసిన రంగులు లేజరు తగిలినపుడు ఒక్కోసారి మరింత నల్లబడతాయి. అందువలన వేయించుకునే రోజుననే వాడిన రంగు పేరు, అందులోని పదార్థాలు రాయించుకొని భద్రపరచుకోవాలి.